చీకటి గదిలో తమ్ముడు

మార్చి 7, మంగళవారం
తమ్ముడు మోసేసె బోటు లైసెన్స్ కోసం మా కంటి క్లినిక్‌కి వచ్చాడు. రోజూ పొద్దున్నే దీవుల్లోని బడిపిల్లల్ని మా ఊరు నెయాఫుకి బోటులో తెచ్చేది వాడే. పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్ట్ చీకటి గదిలో. చుట్టూ వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. మా టోంగాలో ఎదిగిన అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోరు, చీకట్లో అసలే కూర్చోరు. మెషీన్ ఆన్ చేసి బయటికొచ్చేశాను. వాడి భార్య సెయిని లోపల ఉంది. రిపోర్ట్ బాగానే వచ్చింది. చూపు నిలకడగా లేదని మూలన హెచ్చరిక. కొత్తవాళ్లకి మామూలే.

మార్చి 8
వాడి రెటీనా ఫోటోలు చూశాను. రెండు కళ్లలోనూ చూపు నరం గుంటపడి పాలిపోయింది. గ్లాకోమా, బాగా ముదిరింది. పక్కచూపు పోయి ఉండాలి. మరి వెలుగులన్నీ ఎలా పట్టాడు? ఫోటో తప్పా? నేను తప్పా? లైసెన్స్ కాగితం మీద సంతకం పెట్టలేదు.

మార్చి 9
సెయినిని అడిగాను. గర్వంగా చెప్పింది. "మీ తమ్ముడు ఊరుకుంటాడా వదినా? చేపల్ని వెతికినట్టు కళ్లు అటూ ఇటూ తిప్పి మరీ వెతికాడు."
నడిమి చుక్క మీంచి చూపు కదపకూడదని పక్కనుండి చెప్పాల్సింది నేను.

మార్చి 10
మళ్లీ టెస్ట్. కళ్లు కదపొద్దని సెయిని చేత గట్టిగా చెప్పించాను. వాడు గడ్డం స్టాండ్ మీద ఆనించాక, చెప్పులు విప్పి లోపలికెళ్లి సెయిని పక్కన నిలబడ్డాను. వాడికి తెలీదు. వెలుగులు పడుతున్నాయి. పైన, కింద, ఎడమన, కుడిన. వాడి వేలు కదలదు. చాలాసేపటికి అడిగాడు.
"సెయినీ, ఇంకా మొదలుపెట్టలేదా?"
సెయిని నా చెయ్యి పట్టుకుంది.

మార్చి 11
బోటు ఆపమని కబురు పంపాను. అక్క మాట కాదననన్నాడట, కానీ పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగమన్నాడట. ఈ నీళ్లు కళ్లు మూసుకున్నా తెలుసన్నాడట. పోయిన వారం ఓ పిల్ల అరిస్తే గానీ ఎడమనున్న పడవ కనపడలేదని సెయిని ఇప్పుడు చెబుతోంది.

మార్చి 12, ఆదివారం
ఆదివారం మా దగ్గర ఎవరూ పని చెయ్యరు, ఇవాళ ఏ బోటూ కదలదు. వాడి సంగతి చెప్పి ఆపిద్దామంటే రేవు ఆఫీసూ మూతే.

మార్చి 13, తెల్లవారుజాము
బోటులో, వాడి సీటులో కూర్చుని రాస్తున్నాను. మా ఆచారం ప్రకారం నేనుండగా వాడు ఎక్కకూడదు. ఇంకా చీకటిగానే ఉంది. ఫోన్ వెలుగు నా మొహం మీదే పడుతోంది, చూపున్నవాడైతే నన్ను చూసి దూరంలోనే ఆగాలి. గట్టు మీద వాడి అడుగుల చప్పుడు.
ఆగడం లేదు.