ఆరని ఇంజిన్

ములకలపల్లి దగ్గర మన తండా,
ఆదివారం

బావకు,

ముందుగా నా అక్షరాలకు, తప్పులకు క్షమించండి. ఏడో తరగతితో ఆగిన చదువు. ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఫోన్‌లో చెబుదామంటే సిగ్నల్ వాటర్ ట్యాంక్ దగ్గరే వస్తుంది. అక్కడ మగవాళ్లంతా కూర్చుని ఉంటారు. మొన్న మిమ్మల్ని "తిన్నారా" అని అడిగితే, జంపయ్య మామ "ఏం కూరనో గూడ అడుగు బిడ్డా" అన్నాడు. ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

ఈ నెలలో బెంగళూరు తీసుకుపోతానన్నారని పెట్టె సర్దుకున్నాను. నిన్న అత్తమ్మ, "మావోడు ఆడ ఏం పని జేస్తుండే?" అని అడిగింది. విమానం ఇంజిన్ వేడి చూసే పని అన్నాను. చేతిలో తట్ట కింద పెట్టేసింది.

"అంటే బట్టీ పనే గద! అది ఆరేదాక నువ్వు పోవద్దు."

మన ఇంటి ఆచారంలో ఇటుక బట్టీకి నిప్పు పెట్టినవాడు అది చల్లారేదాకా భార్య దగ్గరికి పోకూడదు కదా. చివర్లో వాడి తల్లి ఆ నిప్పు మీద కడివెడు నీళ్లు పోస్తేనే నియమం తీరుతుంది. మీకూ అదేనట. నా చీరలు మళ్లీ దండెం మీదికొచ్చాయి.

మీ ఇంజిన్ ఎప్పుడు ఆరుతుంది? చదివాక ఇది కాల్చేయండి. ఎవరైనా చూస్తే సిగ్గు.

మీ ప్రమీల

తా.క. కవరు మీద మీ పేరు ఆడబిడ్డతో రాయించాను. నేను రాయకూడదు. మీ పేరు నాకు తెలుసు.

*

బెంగళూరు, హాస్టల్

ప్రమీలకు,

అమ్మకు ఇలా చెప్పు. నా దగ్గర నిప్పు లేదు. ఇంజిన్ కూడా లేదు. ఇంజిన్ లోపల ఒక రెక్క తిరుగుతుంది. దాని చుట్టూ పోయే గాలి ఆ లోహాన్నే కరిగించేంత వేడిగా ఉంటుంది. అందుకే రెక్కకు సన్నని రంధ్రాలు పెట్టి, వాటిగుండా చల్లటి గాలి పంపుతారు. ఎక్కడికి ఎంత వేడి చేరుతుందో నేను కంప్యూటర్‌లో లెక్క కడతాను. ఏసీ గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. నమ్మకం కోసం మా శిక్షణలో ఇచ్చిన రెక్క బొమ్మ పంపుతున్నాను. ఎరుపు అంటే వేడి, నీలం అంటే చల్లదనం.

కిరాయికి ఇల్లు చూశాను. జల్దీ రా.

శ్రీధర్

తా.క. నీ ఉత్తరం కాల్చడానికి పక్క గది భద్రయ్య దగ్గర అగ్గిపెట్టె తెచ్చాను. పొగకు గంట మోగింది. ఫైరింజన్ వచ్చింది. అందరం లుంగీలతో రోడ్డు మీద నిలబడ్డాం. ఉత్తరం సగమే కాలింది.

*

తండా

బావకు,

తప్పులుంటే మన్నించండి, నిలబడే రాస్తున్నాను. మీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. తా.క. ముందే ఆపాల్సింది. ఆపలేదు.

"నిప్పు లేనోని కాడికి ఫైరింజన్ ఎందుకొచ్చిందే?" అంది. బొమ్మ చూపించాను. అందులో నీలం చిటికెడు, మిగతాదంతా ఎరుపే. అత్తమ్మ దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి చూసి, "గంత గాలి కొట్టినా ఇంక గిట్లనే మండుతుందా!" అని కూలబడింది.

మీ నాన్న, మామ, బొమ్మను వదిలేసి స్వెట్టర్ మాట పట్టుకున్నాడు. "మంట కాడ పని జేసెటోనికి స్వెట్టర్ ఏంది? పోరనికి జరమొచ్చింది. మనకు చెప్తలేడు."

చలువకని సబ్జా గింజలు పంపుతున్నారు. నా పెట్టెలో ఇప్పుడు అత్తమ్మ పప్పులు పోసింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు బావా. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతున్నాను.

ఇది కూడా కాల్చేయండి. ఈసారి రోడ్డు మీదికి వెళ్లి కాల్చండి.

మీ ప్రమీల

తా.క. జంపయ్య మామ మీకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాను. లేకపోతే బయలుదేరేలా ఉన్నాడు.

*

బెంగళూరు, కొత్త ఇల్లు

ప్రమీలకు,

నాకు జ్వరం రాలేదు! అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఇంజిన్ ఆరదు. రెక్కలో ఒక్క రంధ్రం జరిపితే లెక్కంతా మళ్లీ మొదలు. ఇది అయిపోతే ఇంకోటి ఇస్తారు. రిటైరయ్యేదాకా నా పని ఇదే. అప్పటిదాకా నిన్ను అక్కడే ఉంచుతుందేమో అడుగు!

ఈ ఇంట్లో నాకు నిద్ర పట్టడం లేదు. రెండు చాపలు కొన్నాను. ఒకటి చుట్టినట్టే ఉంది.

శ్రీధర్

తా.క. ఉత్తరాలు కాల్చడం మానేశాను. సగం కాలినదానితో సహా బియ్యం డబ్బాలో దాచాను. హాస్టల్‌కు వచ్చిన సబ్జా గింజలు భద్రయ్య నానబెట్టకుండా నమిలాడు. ఇప్పటికీ నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

*

తండా

బావకు,

ఈసారి తప్పులు ఇంకా ఎక్కువుంటాయి, తొందరలో రాస్తున్నాను. "రిటైరయ్యేదాకా" అనే చోటికి వచ్చేసరికి ఉత్తరం మడిచేశాను. అత్తమ్మ ముందు ఎప్పుడూ నోరెత్తని దాన్ని, ఏమైందో, "అది ఆరకపోయినా నేను పోతా అత్తమ్మా" అనేశాను. వాటర్ ట్యాంక్ దాకా వినిపించిందట.

అత్తమ్మ నా మొహం చూసింది. "పో. నేనొద్దంటినా? మరి ఆ నిప్పు మీద నీళ్లెవలు పోస్తరే? అది తల్లి పని. కొడుకు నన్ను గూడ రమ్మంటేనే గద పోసేది!" అని మంచం కింద నుంచి తన సంచి లాగింది. బావా, అందులో చీరలు, కడవ, మీకని ఇప్పపూల లడ్డూలు. లడ్డూలు గట్టిపడి రాళ్లలా ఉన్నాయి. మన పెళ్లయినప్పటి నుంచి సర్దే ఉందట.

గురువారం ఇద్దరం వస్తున్నాం. మామ ఖమ్మంలో రైలెక్కిస్తాడు. మూడో చాప కొనండి.

మీ ప్రమీల

తా.క. అక్కడ ఇంజినే లేదు, నీళ్లు దేనిమీద పోస్తావని అడిగాను. "ఇంజినే కావాల్నా? వాడు చేత్తోటి అంటిచ్చిన నిప్పు ఏదైనా సాలు" అంది. అందుకని కంప్యూటర్ దాచేసి, డాబా మీద ఇనుప బకెట్ పెట్టండి. బియ్యం డబ్బాలోని నా ఉత్తరాలన్నీ అందులో వేసి, అన్నిటికంటే పైన దీన్ని పెట్టండి. అత్తమ్మ కడవ ఎత్తి పట్టుకున్నాక, బావా, అప్పుడు కాల్చండి.