గేటు దగ్గరి కబుర్లు అచ్చయిన సంగతి

విద్యాధికారి గారి సముఖమునకు, ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని తమ గది బయట రెండో బెంచీ మీద కూర్చొని వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: నేను వ్రాసి పంపిన "సంస్థాగత పరిజ్ఞానం" పుస్తకమును ఈ సాయంత్రం నాలుగు గంటలకు నూట పన్నెండు పాఠశాలలకు పంచకుండా నిలిపివేయుట గురించి.

విషయం రాయనిదే కాగితం లోపలికి పంపనని తమ అటెండరు అన్నందున పై వాక్యం రాశాను. ఇప్పుడు రెండుంబావు అయింది. తమరు మీటింగులో ఉన్నారు. ఒడిలో పెట్టుకొని రాస్తున్నందున అక్షరాలు కుదురుగా లేవు, మన్నించగలరు.

1. కొత్త విద్యా సంస్కరణల చట్టం ప్రకారం వరుసగా రెండేళ్ళు ఫలితాలు తగ్గిన పాఠశాల మూతపడును. అట్లు జరగకుండా, తన బడి గురించి బడికి తెలిసినదంతా ఆధారం చేసుకొని ప్రధానోపాధ్యాయులు అభివృద్ధికి నాయకత్వం వహించవలెను. ఆ తెలిసినదానిని లిఖితపూర్వకముగా సమర్పించవలెను. మా బడిలో నూట నలభైమంది పిల్లలకు గాను, తడుముకోకుండా పాఠం చదవగలవారు అప్పట్లో యాభై రెండుమంది. నాకు అన్నం సయించని రోజులవి.

2. బడికి ఏం తెలుసునా అని వెతికితే, రికార్డులకు ఏమీ తెలియదని తేలింది. తెలిసినదల్లా ఆయాకే. ఇరవై రెండేళ్ళుగా గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి పంపేది ఆమె. పొద్దున గంట కొట్టేలోపు ఆమె చెప్పేది విని, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టాలని టీచర్లకు చెప్పాను. "ఆ పిల్లని ఇవాళ బోర్డు దగ్గరికి పిలవకండి టీచరమ్మా, ఇంట్లో పెద్ద రభస అయింది." "వీడి కళ్ళజోడు విరిగి నెలయింది. మొద్దు కాదు పాపం, ముందు బెంచీలో కూర్చోబెట్టండి." ఇంతే మేము చేసిన సంస్కరణ. ఏడాది తిరిగేసరికి చదవగలవారు నూట తొమ్మిదిమంది అయ్యారు.

3. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చట్టం రాయమంది గనుక, తమరు మెచ్చుకుంటారన్న ఆశ కూడా ఉంది గనుక, అంతా రాశాను. పేజీకి ఒకరి చొప్పున, పిల్లల పేర్లతో సహా. ఆయా వద్దంది. "నేను మీతో చెప్పాను గానీ కాగితంతో చెప్పలేదు కదమ్మా" అంది. ఆఫీసు సంగతులు నీకేం తెలుసని కసిరాను. తమరు నిజంగానే మెచ్చుకున్నారు. మాది ఆదర్శ పాఠశాలగా ప్రకటించి, ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయించారు. ఈ పొద్దున ఫోనులో ఆ మాట వినగానే బడి వదిలి ఇక్కడికి పరుగెత్తుకొచ్చాను.

4. ఆ పేజీల్లో ఒకటి ఒక అమ్మాయిది. నంబరు ఇక్కడ రాయను, ఈ అర్జీ ఎన్ని చేతులు మారుతుందో తెలియదు. తండ్రి కొట్టే దెబ్బలకు తాళలేక తల్లి ఆ పిల్లను తీసుకొని మా ఊరు చేరింది. ఆయాను నమ్మి అన్నీ చెప్పుకుంది. ఏ ఇంటి మేడమీద ఉంటున్నారో, తల్లి ఎక్కడ బట్టలు కుడుతుందో, పిల్ల ఏ దారిన ఒంటరిగా నడిచి వెళ్తుందో, అన్నీ రాశాను. "చివరి పీరియడులో భయపడుతుంది, పది నిమిషాలు ముందు వదలాలి" అని టైముతో సహా రాశాను.

5. ఆ తండ్రి మన శాఖలోనే ప్రధానోపాధ్యాయులు. ఈ సాయంత్రం తమ చేతుల మీదుగా ఒక కాపీ అందుకోబోతున్నారు. మంచి మాటకారి, ఆయనకు కోపం రావడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. పోయిన సమావేశంలో నా పక్క కుర్చీలో కూర్చొని, "మీ బడిలో ఈ ఏడు కొత్తగా ఎవరైనా చేరారా మేడమ్?" అని అడిగారు. ఎవరూ చేరలేదని అబద్ధమాడాను. అయ్యా, నాకు భయంగా ఉంది. ఆ పిల్లకు ఏమైనా అయితే అది నేను రాసినందువల్లే అవుతుంది.

కావున పంపిణీని నిలిపివేసి, కాపీలన్నీ నాకు అప్పగించవలసిందిగా ప్రార్థన. ఆదర్శ పాఠశాల బిరుదు వెనక్కి తీసుకోండి. నన్ను ఏం చేసినా సరే, మీటింగు ముగిసేదాకా ఆగక, మధ్యలోనే దీనిని చిత్తగించవలెను.

ఇట్లు,
భయముతో,
తమ విధేయురాలు,
ప్రధానోపాధ్యాయిని.

తా.క.: మూడు గంటల పది నిమిషాలు. ఆయన ముందే వచ్చేశారు. "మీ పుస్తకమట కదా మేడమ్, మొదటి కాపీ నాకే కావాలి" అని నవ్వి, నాక్కూడా టీ తెస్తానని కిందికి వెళ్ళారు. పుస్తకాల కట్టలు నా బెంచీ పక్కనే పెట్టారు. విప్పి ఉన్న కట్టలో పంతొమ్మిదింటిలోంచి ఆ పేజీ చింపేశాను. చింపినవి నా సంచీలో ఉన్నాయి. ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినందుకు సంజాయిషీ విడిగా సమర్పించుకుంటాను. మిగతా కట్టల తాళ్ళు గోళ్ళతో ఊడిరావడం లేదు. మెట్ల మీద గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. తక్షణం ఒక కత్తెర మంజూరు చేయగలరు.