గోడ దాటిన కొమ్మ

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను, వచ్చేసరికి చీకటి పడుతుంది. జామచెట్టు కొమ్మలు కొట్టే పని ఇవాళే కానివ్వండి. రేపటికి మీకు ఈ ఉత్సాహం ఉండదు.

రంపం మెట్ల కింద ఉంది. చెట్టు మొదలు దగ్గర లేచిన పిలకలన్నీ తీసేయండి. లోపల ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో బక్కవాటిని కోసేయండి. చెట్టు నడిమధ్యకి ఎండ దిగాలి, లేకపోతే ఈసారి కూడా మనవైపు ఆకులే కాస్తాయి. లావు కొమ్మకి ముందు కిందనుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయండి. లేదంటే విరిగి పడేటప్పుడు మాను బెరడంతా చీల్చుకుపోతుంది. పని మొదలుపెడితే మీకు చెయ్యి ఆగదు. పోయినేడు దానిమ్మకి గుండు కొట్టారు, అదింకా మన మీద అలిగే ఉంది.

గోడ దాటి మీ అన్నయ్యగారి పెరట్లోకి వాలిన కొమ్మని మాత్రం ముట్టుకోకండి. "ఆయనకెందుకు మన కాయలు" అంటారని తెలుసు. మాటలు మానేసింది మీరిద్దరూ, మధ్యలో చెట్టేం చేసింది? సరిగ్గా ఎండ తగిలి కాస్తున్నది ఆ ఒక్క కొమ్మే.

భోజనం బల్ల మీద మూతపెట్టాను. చల్లారకముందే తినండి.

అన్నట్టు, పోయిన వారం బజారు కాయలనుకుని లొట్టలేసుకుంటూ తిన్నారే, అవి ఆ కొమ్మవే. మీ వదినగారు గోడ మీంచి అందించారు. "వాడికి దోరవే ఇష్టం" అని ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరింది మాత్రం మీ అన్నయ్యగారట.