మేకప్‌మ్యాన్ పేరు

మల్లేశన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ జూబ్లీహిల్స్ హోటల్లో మా ప్రొఫెసర్‌కు సన్మానం. కాలిన గాయం మీద కొత్త చర్మం పెరగడానికి మా ల్యాబ్‌లో చేసిన పలచటి పొరను చూపించి, "ఈ ఆలోచన నాకు వాకింగ్‌లో తట్టింది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్లాస్టిక్ పొర మీద కణాలు నిలవడం లేదని నేను ఏడుస్తుంటే, ఫిల్మ్‌నగర్ మేకప్ గదిలో హీరో చేతికి ఉత్తుత్తి కాలిన చర్మం అతికిస్తూ నువ్వేగా చెప్పావు!

"ఉత్త జెలటిన్ జిగురు లైట్ల వేడికి కరుగుతది చెల్లె. ఉత్త ప్లాస్టిక్ ఒంటికి పట్టదు. రెండూ కలుపు. గిది గూడ తెల్వకుంట ఏం డాక్టరమ్మవు?"

పుస్తకాల్లో ముందే ఉందేమో, నేనే చూడలేదేమో. ఆ అనుమానం ఇప్పటికీ ఉంది. కానీ మా కణాలు బతికింది నీ మాట విన్నాకే.

ఈ పొర గురించి అచ్చయిన మా పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో మిషన్ బాగుచేసినవాళ్లు కూడా ఉన్నారు. నేను రాసిన నీ పేరును ఆయన కొట్టేశాడు. "మేకప్‌మ్యాన్ పేరేంటమ్మా, నవ్వుతారు."

సినిమా ఆఖర్న పరిగెత్తే అక్షరాల్లో నీ పేరు వచ్చేదాకా మమ్మల్ని సీట్లోంచి లేవనిచ్చేవాడివి కాదు.

ఇవాళ అందరూ లేచి నిలబడి ఆయనకు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టానన్నా.