ఏడు పాఠాలకీ నిండు మార్కులు

హైదరాబాదు,
శుక్రవారం.

అన్నయ్యకు చెల్లెలు సుగుణ నమస్కారాలు.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరంతా కులాసాయే కదా అని రాయబోయి కలం ఆపేశాను. ఎందుకో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నాన్న ఇంకా కళ్లంలోనే పడుకుంటున్నాడా? మిరపకాయలు ఎండేదాకా వాన రాకుండా ఉంటే చాలు.

ఇక్కడ చలి బాగానే ఉంది. హాస్టల్లో కూరలు మరీ చప్పగా ఉంటున్నాయి. అమ్మ పంపిన పండుమిరప పచ్చడి నా గదిలోవాళ్ళు వారంలో ఊడ్చేశారు. తిన్నంతసేపూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, మళ్ళీ అడిగారు. ఇంకో సీసా పంపమను. ఆదివారాలు మాత్రం ఏం తోచదు. అయినా తిండికీ నిద్రకీ లోటు లేదు, నా గురించి దిగులు పెట్టుకోకండి.

నీ ఉద్యోగమేమిటే అని ప్రతిసారీ అడుగుతావు కదా. మనసు బాగోలేనివాళ్ళ కోసం మా ఆఫీసువాళ్ళు కంప్యూటర్లో తెలుగు పాఠాలు పెట్టారు. దగ్గర్లో ఉన్న నెట్ సెంటరుకి వెళ్ళి వారానికో పాఠం చదవాలి. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని చివర్లో ప్రశ్నలుంటాయి, జవాబులు నొక్కాలి, వాటికి మార్కులు పడతాయి. వాళ్ళ మానాన వదిలేస్తే రెండో పాఠానికే మానేస్తున్నారని, ఒక్కొక్కరినీ మాలో ఒకరికి అప్పగించారు. మేం వారం వారం ఫోన్ చేసి పలకరిస్తాం. పాఠం కన్నా ఆ పలకరింపు కోసం కొనసాగేవాళ్ళే ఎక్కువ.

పోయిన మంగళవారం ఏం జరిగిందో చెబుతాను.

నాకు అప్పగించినవాళ్ళలో వేటపాలెం వైపు ఆవిడ ఒకావిడ ఉంది. జీడిపప్పు పనికి వెళ్ళేది. పేరు రాయకూడదు. భర్తే ఆవిణ్ణి చేర్పించాడు. ఏడు వారాలు, ఏడు పాఠాలు, ఒక్కటీ తప్పలేదు. జవాబులన్నీ బ్రహ్మాండం. ఎప్పుడు ఫోన్ చేసినా భర్తే తీసేవాడు. "పనిలో ఉందండీ, బాగానే ఉంది. పాఠం అయిపోయింది, చూసుకోండి" అనేవాడు ఎంతో మర్యాదగా. మనిషి గొంతు వినకుండా, మాట్లాడామని మా రిజిస్టర్లో రాయకూడదు. ఆ మార్కులు చూసి మురిసిపోయి నేను రాసేశాను. ఆఫీసంతా తిరిగి ఆవిడ మార్కుల కాగితం చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను, అన్నయ్యా.

మంగళవారం ఆయన ఫోన్ ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. ఆవిడే తీసింది. ఏడో పాఠం ఎలా ఉందమ్మా అన్నాను.

"ఏం పాఠాలండీ? ఆయన శనివారం శనివారం సైకిలేసుకుని ఎటో వెళ్ళొస్తన్నాడు. నాకు కంప్యూటరు ఎట్టా ఉంటదో తెలవదు."

పాఠాల మాట వదిలేసి, మీరెలా ఉన్నారమ్మా అని అడిగాను.

"నన్నా అడిగేది?" అంది. "అన్నం తిని నాలుగు రోజులైందండీ. పనికెళ్ళక నెలైంది. బతకబుద్ధి కావట్లా."

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ్ని ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. పక్కింటావిడను పిలిపించాను, మా డాక్టరుగారితో మాట్లాడించాను. సాయంత్రానికి భర్త వచ్చి చీరాల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మర్నాడు నాతో మాట్లాడుతూ భోరుమన్నాడు.

"రేషను కార్డు కాగితం నేనే నింపా, ఓటు కాగితం నేనే నింపా. ఇదీ అట్టాంటిదే అనుకున్నానండీ. పరీక్షలో తప్పు రాయకూడదుగా, అన్నీ మంచియ్యే నొక్కా. మార్కులు బాగా వస్తే జబ్బు తగ్గుద్దనుకున్నా."

ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. ప్రేమ లేనివాడు ఏడు వారాలు సైకిల్ తొక్కడు. తప్పు నాది కూడా. ఇప్పుడావిడ కాస్త తింటోంది. రోజూ ఫోన్ చేస్తున్నాను, ఆవిడతోనే మాట్లాడుతున్నాను.

నిన్న పెట్టెలోంచి నీ ఉత్తరాలన్నీ తీశాను. శ్రావణంలో మీ పాప పోయిన దగ్గర్నుంచి నువ్వు రాసినవి నాలుగు. నాలుగింటిలోనూ 'మీ వదిన బాగానే ఉంది' అనే ఉంది. ఫోన్లో అడిగితే పెరట్లో ఉంది, బాగానే ఉంది అంటావు. ఆరు నెలలుగా నేను వదిన గొంతు వినలేదు. ఊళ్ళోవాళ్ళందరినీ పలకరించే ఉద్యోగం చేస్తూ మన ఇంటి మనిషిని నీ మాట మీద వదిలేశాను. కోప్పడకు. నువ్వు అబద్ధం రాశావనడం లేదు. వదినని అడిగి రాశావా, నీ అంతట నువ్వే రాశావా? ఇప్పుడు ఫోన్ చేసినా, అందరి మధ్యా నిలబడి బాగానే ఉన్నానంటుంది తప్ప ఇంకేమంటుంది?

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు. వాళ్ళ దీవెన, నీ దీవెన నాకెప్పుడూ ఉండాలి.

ఈ కవర్లో ఒక ఇన్‌లాండ్ లెటరు పెట్టాను. దాని మీద నా అడ్రసు నేనే రాశాను. అది వదినకివ్వు. ఏడో తరగతి దాకా చదివింది, రాయగలదు. నువ్వు పెన్ను ముట్టుకోవద్దు, పక్కన కూర్చుని మాటలు అందించొద్దు. రెండు ముక్కలు చాలు. ఏమీ రాయబుద్ధి కాకపోతే ఖాళీగానే అంటించి పంపమను. ఖాళీగా వచ్చిన రోజే నేను సత్తెనపల్లి బస్సెక్కుతాను.

లోపల పైన ఒక్క వరుస మాత్రం నేను రాసి పెట్టాను. "వదినా, ఎలా ఉన్నావు? నిన్నే అడుగుతున్నాను."

నీ చెల్లెలు,
సుగుణ