నీలం దిండు గలీబు

అక్కకు నమస్కారం, నేను కులాసా.

కుట్టుశాలలో నన్ను మేస్త్రీని చేసి నెలయింది. మొన్న గుడ్డ కత్తిరించే ఆమె కొలత తప్పి పది చొక్కాల గుడ్డ పాడుచేసింది. ఇదివరకైతే ఇలాంటివి ఎవరైనా దాచేసేవారు. ఆమె నేరుగా వచ్చి, "తప్పు నాదే. పనిలోంచి తీసేస్తారా?" అంది.

"ముందు నన్ను తీసెయ్యాలమ్మా. ఒకప్పుడు నేను పాడుచేసి దాచిన గుడ్డే గలీబుగా మా అక్క దిండుకుంది" అన్నాను.

"అంటే మీ తప్పు మీదే ఆవిడ తల పెట్టుకుంటోందన్నమాట" అన్నాడు ఇస్త్రీ చేసే ఆయన. అందరూ నవ్వారు. సాయంత్రానికి మరో ఇద్దరు తమ తప్పులు వచ్చి చెప్పారు. నాకు గర్వంగా ఉందని నీకొక్కదానికే రాస్తున్నాను.

ఆ నీలం గలీబు ఉతికి పంపు, కత్తిరింపు బల్ల పక్కన గోడకు తగిలిస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. దిండు కొలతలు రాయి, కొత్త గలీబు కుట్టి పంపుతాను. ఈసారి కొలత తప్పదు.

తమ్ముడు