తలుపు మూసి పోసిన ఐస్

ఆగస్టు 9, సాయంత్రం

ఈ ఏడాది మా ఐస్ ప్యాలెస్‌లో స్కేటింగ్‌కి ఐస్ నేనొక్కదాన్నే పోస్తున్నాను. ప్రోఖర్ మావయ్య నడుం పట్టేసి ఇంట్లో పడున్నాడు. గంటకోసారి ఫోన్ చేసి తిడుతున్నాడు. నీళ్ళు గోరువెచ్చగా కాదే మొద్దుమొహమా, వేడిగా, చెయ్యి పెడితే తీసేసేటంత వేడిగా ఉంటేనే అద్దంలా వస్తుంది అంటాడు. పన్నెండో ఏట నుంచీ వింటున్నాను. తిట్టకపోతే భయమేస్తుంది.

ఇవాళ నాలుగు పొరలు. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. బయట ఎండ, లోపల చలి. తలుపు ఒక్కసారి తీస్తే చాలు, పొగమంచు కమ్మి కప్పు నుంచి చెమట రాలుతుంది, ఐస్ పొక్కులు పొక్కులవుతుంది. అందుకే మావయ్య రూలు ఒకటే. పోసేటప్పుడు దేవుడే దిగొచ్చినా తలుపు తీయకు.

పొద్దున ఏడు దాటాక ఎవరో బెల్లు కొట్టారు. ఒకాయన, ఒకావిడ, చేతిలో పెట్టె. కాపలా ఉండే జోయా పిన్ని సెలవు పెట్టి తోటలో బెర్రీలు ఏరుకుంటోంది. పైపు వదలకుండానే తలుపు అద్దంలోంచి అరిచాను. ఐస్ పోస్తున్నాం, లోపల ఎవరూ లేరు, ఎల్లుండి రండి అని. ఆవిడ ఏదో కార్డు అద్దానికి ఆనించింది. అద్దమంతా ఆవిరి. ఇన్సూరెన్స్ వాళ్ళు అయుంటారు. చాలాసేపు నిలబడి పోయారు.

మా స్కేటర్ ఉల్యా మాత్రం వెనక మెట్ల మీదుగా ఎప్పటిలాగే ఏడింటికి ముందే వచ్చేసింది. ఐస్ లేకపోతే పైన జిమ్‌లో తాడు గెంతుతుంది. నేను పొర పోస్తుంటే నెత్తి మీద టకటక. హాయిగా ఉంది.

ఆగస్టు 10

తెల్లరంగు పొర. ఆరాక పిల్లల్ని మేజోళ్ళతో లోపలికి వదిలాం. మా దగ్గర ఇది ఎప్పట్నుంచో ఉన్న వాడుక. తెల్లరంగు మీద నీలం కుంచెతో ఎవరి పేరు వాళ్ళు, ఎవరి కోరిక వాళ్ళు రాసుకుంటారు. ఆ పైన నేను ఇంకో పది పొరలు పోస్తాను. ఏడాదంతా ఆ కోరికల మీదే స్కేట్ చేస్తారు. వచ్చే వేసవి కరిగించినప్పుడు నీలం నీళ్ళయి కాలవలోకి పోతాయి.

తొమ్మిదేళ్ళప్పుడు ‘లిదా, గ్లేబ్’ అని రాశాను, సరిగ్గా మధ్య గీత మీద. మేమిద్దరం స్కేటింగ్ జోడీ. వాడు నన్నెత్తేవాడు. ఎత్తినప్పుడల్లా వాడి మెడ దగ్గర తడి ఉన్ని వాసన. దింపగానే వాళ్ళమ్మ ఇచ్చిన క్యాబేజీ బూరె సగం విరిచి నాకు పెట్టేవాడు. పెద్ద సగం వాడిదే. పద్నాలుగో ఏట ఒక్క చలికాలంలో నేను జానెడు పెరిగాను. వాడు పెరగలేదు. మా కోచ్ నీనా గ్రిగోర్యెవ్నా పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు తాటిచెట్టులా ఎదిగిపోయావు, వాడింకా గడ్డిపోచ, ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా అంది. తర్వాతి సోమవారం గనుల ఊరి నుంచి వాడి కొత్త జోడీగా ఉల్యా వచ్చింది. గుప్పెడంత పిల్ల. నీ బూట్లు నీకు చాలవుగా, నాకిస్తావా అక్కా అని అడిగింది.

దాని మీద కోపం తెచ్చుకుందామని ఒక ఏడాది గట్టిగా ప్రయత్నించాను. రాలేదు. బ్లేడ్లు నూరడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. మావయ్య పాత సానరాయి, నా పాత బ్లేడ్లు, ఎనిమిది జతలు నాశనం చేశాక చెయ్యి కుదిరింది. ఉల్యాకి ఎడమ లోపలి అంచు వెంట్రుకవాసి ఎక్కువ కావాలి. అది నా గోటికి తెలుసు, ఇంకెవరికీ తెలీదు.

ఇవాళ ఉల్యా ‘ఫిబ్రవరి’ అని రాసింది. ఒక్కటే మాట. నాలుగేళ్ళకోసారి వచ్చే పెద్ద పోటీలు ఫిబ్రవరిలోనే.

డిసెంబరు 8

నిషేధం. దేశం మొత్తానికి.

డిసెంబరు 9

నిన్న కోపంతో చెయ్యి ఆడలేదు. ఇవాళ రాస్తాను.

పైన ఎక్కడో ఎవరో గెలవడానికి బలం మందులు తిన్నారు, తినిపించారు. వాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఫిబ్రవరి పోటీల్లో మనకి జెండా లేదు, పాట లేదు. ‘శుభ్రంగా ఉన్నవాళ్ళని’ ఒక్కొక్కరిగా ఏరి పిలుస్తారట. రాళ్ళలోంచి బియ్యం ఏరినట్టు. పిలిచినవాళ్ళు బూడిదరంగు బట్టలేసుకుని, ఎవరికీ చెందనట్టు స్కేట్ చేయాలి.

ఉల్యా గురించి వాళ్ళకేం తెలుసు? దగ్గొస్తే దగ్గుమందు ముట్టదు. ఊరు దాటితే ఫ్లాస్కు కిందపెట్టదు, పెట్టిందా, ఎవరేం కలిపారోనని ఆ టీ పారబోస్తుంది. పదహారో ఏట నూట రెండు జ్వరంతో అమ్మమ్మ పంపిన బెర్రీ జామ్ వేడినీళ్ళలో కలుపుకుని తాగి ఐస్ ఎక్కింది. జోయా పిన్ని తోటలో ఆకుల కషాయం కాచి పట్టుకొస్తే, పిన్నీ నీ ఆకుల పేర్లు రాసివ్వు, డాక్టరుకి చూపించి తాగుతా అంది. పిన్ని మూడు రోజులు మాట్లాడలేదు. నా తోట మీద పోలీసు కేసు పెట్టవే, పో అంది.

నీనా గ్రిగోర్యెవ్నా ఇవాళ ఎవర్నీ తిట్టలేదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది.

డిసెంబరు 21

జోయా పిన్ని ఉల్యాకీ గ్లేబ్‌కీ బ్లేడ్ల తొడుగులు అల్లింది, మన జెండా రంగుల్లో, తెలుపు, నీలం, ఎరుపు. ఆ మూడు రంగులు కలిపి కనిపించకూడదని కాగితం వచ్చింది. పిన్ని కుర్చీలో కూర్చుని మొత్తం విప్పేసింది. మూడు ఉండలు చుట్టింది. బూడిదరంగు ఉన్ని ఎక్కడ దొరుకుతుందే లిదా, మా ముసలాడి పాత స్వెట్టరు విప్పనా అని అడిగింది. విప్పమన్నాను.

జనవరి 11

పిలిచేవాళ్ళ లిస్టు రాలేదు. ఇరవై మూడు జతలు నూరాను.

జనవరి 23

వచ్చింది.

గ్లేబ్ పేరుంది. ఉల్యా పేరు లేదు.

నీనా గ్రిగోర్యెవ్నా కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివింది. కారణం ఎక్కడ రాశారురా అని గ్లేబ్‌ని అడిగింది. రాయరట. ఎవరికీ రాయరట. ఉల్యా విని, సరే అయితే, లిఫ్టు సాధన చేద్దామా, గంట వేస్టవుతోంది అంది. చేశారు కూడా.

జనవరి 24, మధ్యాహ్నం

గ్లేబ్ నూరే గదికి వచ్చాడు. కూర్చోలేదు. మొద్దు నిద్ర, మొద్దు నిద్ర అని గోడని తన్నాడు. ఎవరిదిరా అన్నాను. అప్పుడు చెప్పాడు.

ప్రతివాళ్ళూ రోజుకో గంట ఎంచుకుని, ఆ గంటలో ఎక్కడుంటారో ముందుగానే రాసివ్వాలి. మందుల టెస్టు చేసేవాళ్ళు చెప్పకుండా వస్తారు. ఉల్యా ఎప్పుడూ ‘ఏడు నుంచి ఎనిమిది, ఐస్ ప్యాలెస్’ అని రాస్తుంది. పోయిన వేసవిలో వచ్చారట, కనపడలేదట. ఎందుకని కాగితం వస్తే, నిద్రపోయాను, నాదే తప్పు అని జవాబు రాసిందట. ఒకసారి తప్పితే నేరం కాదు, మూడుసార్లు తప్పితేనే. కానీ ఈ ఏడాది ఒకటే చాలేమో, ఇంకేం దొరుకుతుంది దాని మీద అన్నాడు.

ఉల్యా నిద్రపోవడమేమిటి. ఏ రోజు అన్నాను.

ఆగస్టు తొమ్మిది.

సానరాయి ఆపాను. వాడు వెళ్ళాక ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పాను. ఉంది. నా చేతిరాతే. ‘ఇన్సూరెన్స్ వాళ్ళు అయుంటారు.’ ‘నెత్తి మీద టకటక. హాయిగా ఉంది.’

జనవరి 24, సాయంత్రం

ఉల్యా బట్టలు మార్చుకునే గదిలో డబ్బా తెరిచి జావ తింటోంది. ఎదురుగా నిలబడ్డాను. తలుపు తీయంది నేనేగా అన్నాను.

తల ఎత్తకుండానే, మరి పోసేటప్పుడు తీస్తారేంటి అంది.

కాగితం వచ్చినప్పుడే తెలిసిందట. నిజం రాస్తే లోపల ఉండి కూడా వాళ్ళని రానివ్వలేదని నీ పేరు బయటికొస్తుంది, మన డైరెక్టర్ రాగోజిన్ నిన్ను సాయంత్రానికల్లా వీధిలో పడేస్తాడు, ఒక్కసారే కదా తప్పింది, ఏమవుతుందిలే అనుకున్నా అంది. అయినా నువ్వు పోతే నా ఎడమ బ్లేడు ఎవడు నూరతాడక్కా అని నవ్వింది.

చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరి చెంపో తెలీలేదు.

జనవరి 25

లిస్టు వేసినవాళ్ళకి ఉత్తరం రాశాను. ‘నేను లిదా. ఐస్ పోస్తాను, బ్లేడ్లు నూరతాను. ఆ పొద్దున ఆ అమ్మాయి లోపలే ఉంది, నా నెత్తి మీదే గెంతుతోంది. లోపల ఎవరూ లేరని అరిచింది నేను. నా ఉద్యోగం కోసం అది తన మీద వేసుకుంది. ఏడేళ్ళుగా దాని ప్రతి పొద్దునా నాకు తెలుసు. మీ ఫారాలకి తెలీదు.’ ఇంకా చాలా రాశాను.

నీనా గ్రిగోర్యెవ్నా ఎర్ర పెన్నుతో రెండు బూతులు కొట్టేసింది. తర్వాత పెన్ను కింద పెట్టి, లిదా, ఇది పంపితే పిల్ల అబద్ధం ఆడిందని మనమే చెప్పినట్టు, అబద్ధమాడినదాన్ని శుభ్రమని ఎవరు నమ్ముతారే అంది. ముగ్గురం ఆ కాగితం చుట్టూ కూర్చున్నాం.

చివరికి ఉల్యానే, లిస్టులో లేనిదాన్ని ఇంకెక్కణ్ణుంచి తీసేస్తారు, పంపండి అంది.

పంపాం. రాగోజిన్‌కి కూడా ఒక ప్రతి ఇచ్చాను, నా చేత్తో.

జనవరి 26

రాగోజిన్ ఐస్ చదును చేసే మెషిన్ తాళాలు లాక్కున్నాడు. నీనా గ్రిగోర్యెవ్నా ఆయన గదిలోకి వెళ్ళి, అయితే సాయంత్రం ఐస్ మీరే నున్నగా చేయండి, పిల్లలకి చెప్తాను వచ్చి చూడమని అందట. నాలుగింటికి తాళాలు తిరిగొచ్చాయి.

జనవరి 31

జవాబు. మూడు వాక్యాలు. మీ ఉత్తరం అందింది. జాబితాలో మార్పు లేదు. కారణాలు వెల్లడించబడవు.

అంటే తలుపు వల్లా? తలుపు వల్ల కాదా? ఇంకేదైనానా? నీదే నేరం అని రాసినా బాగుండేది. పట్టుకుని ఏడవడానికి ఒక కొస ఉండేది. అదీ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 15

జంటల పోటీ ఇవాళే. గ్లేబ్ వెళ్ళలేదు. సగం జంటని పిలిస్తే ఏం చేస్తాను, అక్కడ కుర్చీని ఎత్తనా అన్నాడు. బూడిదరంగు తొడుగులు జోయా పిన్ని అల్మారాలోనే ఉన్నాయి.

పిన్ని గదిలో టీవీ ముందు అందరం ఇరుక్కున్నాం. ప్రోఖర్ మావయ్య కూడా కర్రేసుకుని వచ్చాడు. ఉల్యా కమలాపళ్ళు ఒలిచి తలా ఒక తొన పెట్టింది. టీవీలో ఎవరో పిల్ల దిగడంలో తూలింది. ఎడమ అంచు మొద్దు అన్నాను. ఉల్యా కూడా సరిగ్గా అదే సమయానికి, ఎడమ అంచు అంది. నవ్వుకున్నాం. మావయ్య మాత్రం వాళ్ళ ఐస్ చూడండి, చల్లనీళ్ళు పోశారు, మబ్బు మబ్బుగా ఉంది అని గొణుగుతూనే ఉన్నాడు.

గ్లేబ్ జేబులోంచి క్యాబేజీ బూరె తీశాడు. విరిచాడు. ఈసారి పెద్ద సగం నాకిచ్చాడు. తినబుద్ధి కాలేదు, తిన్నాను.

మార్చి 18

ఉల్యా వెళ్ళిపోయింది. దక్షిణాన సముద్రం పక్క ఊళ్ళో ఐస్ షో. ఉడతగా వేషమట, తోకతో. ఇరవై ఒకటొచ్చాక ఇంకో నాలుగేళ్ళు ఆగే నడుము నాకు లేదక్కా అంది.

బ్లేడ్లు చివరిసారి నూరాను. ఎడమ లోపలి అంచు వెంట్రుకవాసి ఎక్కువ. గోరు పెట్టి చూసింది, తల ఊపింది.

బయల్దేరే ముందు అందరం సామాను పక్కన కూర్చున్నాం, ప్రయాణానికి ముందు కూర్చోవాలి కదా. నూరే గదిలో బల్ల ఒక్కటే. ఉల్యా, గ్లేబ్, నేను. నీనా గ్రిగోర్యెవ్నా పెట్టె మీద. నిమిషం కూడా కాలేదు. ఆ నిమిషంలో పైన జిమ్‌లో ఎవరో చిన్నపిల్ల తాడు గెంతుతోంది. ఉల్యా పైకి చూసింది. నేను చూడలేదు.

జూన్ 30

ఐస్ కరిగించాం. ‘ఫిబ్రవరి’ అన్నిటికంటే ఆఖర్న పోయింది. నేనే ఆ మూలకి నీళ్ళు ఆలస్యంగా పట్టాను.

ఆగస్టు 8

కొత్త ఐస్. తలుపు బార్లా తీసి పోశాను. మావయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఎవరూ రాలేదు.

గుమ్మం దగ్గర ఐస్ అరచేతంత మేర పొంగింది. మెషిన్ ఒక్కసారి పోనిస్తే చదునవుతుంది. పోనివ్వలేదు.